మా ఇంట్లో ఎంగిలి పడని నాన్న

మా నాన్న మొండివాడు. ఈ మాట ఆయన బాగున్నప్పుడూ మొహమ్మీదే అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. మనిషి అలా అయిపోయాక కూడా ఇంకా కోపమేంటే నీకు అని అమ్మ తిడుతుంది. ఉంది మరి, ఏం చేయను? లేదని అబద్ధం చెప్పనా?

ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. మాది కృష్ణా జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. నేనొక్కదాన్నే కూతుర్ని. ఎవరింట్లో చూసినా సాఫ్ట్‌వేర్, సాఫ్ట్‌వేర్ అని వెర్రెత్తిపోతున్న రోజుల్లో నన్నూ బస్సెక్కించి అమీర్‌పేట తీసుకొచ్చి టెస్టింగ్ కోర్సులో చేర్పించాడు. అమ్మకైతే హైదరాబాదు పరదేశం కిందే లెక్క. ఊళ్ళో ఎవరైనా అడిగితే "మా అమ్మాయి ఆ దేశంలో ఉందమ్మా" అనేది. ఆడపిల్లల హాస్టలు కాబట్టి నాన్నని పైకి రానిచ్చేవాళ్ళు కాదు. నెలకోసారి వచ్చి మెట్ల పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, నేను ప్లేట్లో పెట్టి తెచ్చిన హాస్టలు పులిహోర మెతుకు మిగల్చకుండా తినేవాడు. ఉద్యోగం వచ్చి మొదటి జీతం చేతిలో పడ్డాక పంజాగుట్టలో ఒక హోటలుకి తీసుకెళ్తే, పెరుగు మారు అడిగి మరీ వేయించుకున్నాడు. అప్పుడు నా సొమ్ము తినడానికి ఆయనకి ఏ అడ్డూ లేదు.

పెళ్ళయింది, అడ్డొచ్చింది. మా వంశంలో ఒక పట్టింపు ఉంది. పెళ్ళి చేసి పంపిన కూతురికి బిడ్డ పుట్టేదాకా పుట్టింటివాళ్ళు ఆమె ఇంట్లో ఎంగిలి పడరు. మనవడో మనవరాలో పుట్టాక ఇక ఆ ఇల్లు మనది కూడా అని, అప్పుడు విస్తరేసుకుని కూర్చుంటారు. మా తాతయ్య అలాగే చేశాడు, ఆయన తండ్రీ అలాగే చేశాడట. ఊళ్ళో అయితే ఇది పెద్ద ఇబ్బంది కాదు. పొద్దున వచ్చి సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతారు, మహా అయితే పక్కింట్లో తింటారు. అమీర్‌పేటలో పక్కింటివాళ్ళు ఎవరో నాకే తెలియదు.

అప్పటికి నా పెళ్ళయి నాలుగేళ్ళు. రెండుసార్లు నిలిచి నిలవకుండా పోయింది. రెండోసారి ఐదో నెల. దాని గురించి ఇంతకంటే రాయను.

అలాంటి సమయంలో నాన్న కాలికి పుండు పడింది. షుగరు ఎప్పట్నించో ఉంది, ఆయన లెక్కచేయలేదు. మా ఊరి డాక్టరు చేతులెత్తేసి హైదరాబాదు తీసుకుపొమ్మన్నాడు. పంజాగుట్టలో ఆసుపత్రి, రోజు విడిచి రోజు కట్టు మార్పించుకోవాలి, కనీసం రెండు మూడు నెలలు పడుతుందన్నారు. మేముండేది అమీర్‌పేటలో ఒక సందులో, రెండో అంతస్తు పోర్షను. కింద ఇంటి ఓనరు కుటుంబం. ఆయనకి టెంట్‌హౌస్ వ్యాపారం. అందరూ భాయ్ అనేవాళ్ళు, మేమూ అదే అన్నాం. అమ్మా నాన్నా వస్తున్నారని నేను కొత్త దుప్పట్లు కొన్నాను, మా పాతకాలం టాయిలెట్టులో ఆ కాలితో గొంతుక్కూర్చోలేడని నాన్నకి స్టీలు కుర్చీ ఒకటి చేయించాను. నాన్న దిగగానే ఆ కుర్చీ చూసి "బాగుందమ్మా" అన్నాడు. నేను కాఫీ కలిపి తెచ్చాను. కప్పు వంక చూసి, నా వంక చూసి, "మంచినీళ్ళు చాల్లే తల్లీ" అన్నాడు.

నీళ్ళకి దోషం లేదట!

నాకు ఒళ్ళు మండిపోయింది. రెండు నెలలు, కాలి మీద పుండు పెట్టుకుని, నా ఇంట్లో పడుకుంటావు, నా బాత్‌రూములో స్నానం చేస్తావు, అన్నం మాత్రం తినవా అని అడిగాను. మా ఆయన పాపం "మావయ్యగారూ, మీరు మా నాన్నలాంటివారు, మీకీ పట్టింపులేంటండీ" అని బతిమాలాడు. "మీరు బంగారం అల్లుడుగారూ, ఇందులో మీ తప్పేం లేదు" అని నవ్వేశాడు నాన్న. ఏమన్నా నవ్వేస్తాడు. నవ్విన మనిషితో దెబ్బలాడటం ఎలాగో నాకు తెలియదు.

అమ్మ తెలివైంది కదా, ఊరి నుంచి బియ్యం, పప్పు, ఆవకాయ జాడీ, కిరసనాయిలు స్టవ్వు కూడా మోసుకొచ్చింది. మన బియ్యం, మన స్టవ్వు, ఇక దోషమేముంది అంది. బాల్కనీలో వెలిగిస్తే ఆ పొగంతా భాయ్ వాళ్ళింట్లోకి పోయింది. ఆయన భార్య పైకొచ్చి, "అమ్మా, కిరసనాయిల్ స్టవ్ నక్కో అమ్మా, బట్టలన్నీ వాసనొస్తున్నయ్, పిల్లగానికి దగ్గు" అంది. అక్కడితో ఆ ముచ్చట తీరిపోయింది.

అలా నాన్న మెస్సుకి వెళ్ళడం మొదలైంది. మా సందు చివర, కోచింగ్ సెంటర్ల వెనక, ఒక అక్క నడిపే మెస్సు. కరీంనగర్ వైపు మనిషి, గట్టి గొంతు. హాస్టలు పిల్లలంతా అక్కడే తినేవాళ్ళు. నెలకి సరిపడా టోకెన్లు కొనుక్కోవాలి. పసుపుపచ్చ అట్టముక్కలు, మీద రబ్బరు స్టాంపు. పూటకొకటి ఇవ్వాలి. ఆ టోకెన్లు నాన్నకి తెగ నచ్చాయి. జీవితమంతా జనానికి టికెట్లు చించిచ్చిన మనిషి కదా, ఇప్పుడు తను ఇవ్వడం గమ్మత్తుగా ఉందనేవాడు. చొక్కా జేబులో పెట్టుకుని, జేబు మీద చేయి వేసి చూసుకుని బయల్దేరేవాడు. కట్టు కట్టిన కాలితో రెండంతస్తులు దిగి, కుంటుకుంటూ ఆ సందులో నడుస్తుంటే, మూల మూలనా నిలబడి కరపత్రాలు పంచేవాళ్ళు ఆయనకీ ఒకటి ఇచ్చేవాళ్ళు. నలభై రోజుల్లో జావా, ఉద్యోగం గ్యారంటీ. ఆయన మర్యాదగా తీసుకుని, మడిచి, ఇంటికి తెచ్చి నాకిచ్చేవాడు. తను తిన్నాక అమ్మకి పార్సిలు కట్టించుకుని తెచ్చేవాడు. మా అమ్మ, నా వంటింట్లో, నా గ్యాసు పొయ్యి పక్కన నిలబడి, పాలిథిన్ కవర్లోంచి సాంబారు పిండుకుని తినేది.

అది చూస్తే నాకు ఏడుపొచ్చేది. ఏడుపు నాకు కోపంలాగే బయటికొస్తుంది. ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి మెట్ల మీద భాయ్ భార్య ఎదురై, "మీ నాన్న హోటల్‌ల తింటుండేంది? ఇంట్ల వండుతలేవా?" అని అడిగింది. ఆవిడ మంచిదే, మామూలుగానే అడిగింది. నేను పైకెళ్ళి చెప్పులు కూడా విడవకుండా అరిచాను.

"నా కడుపు ఖాళీ అని రోజుకి మూడుసార్లు వీధిలోకెళ్ళి చాటింపు వేసి వస్తున్నావా నాన్నా?"

ఆయన నవ్వలేదు ఈసారి. కాలి కట్టు సరిచేసుకున్నాడు. "అట్టా కాదమ్మా" అన్నాడు. ఎట్టా మరి అంటే చెప్పలేదు. అమ్మ నా చెయ్యి పట్టుకుని అవతలికి లాక్కెళ్ళి, "నోరు అదుపులో పెట్టుకో. మీ నాన్న ఏం చేస్తాడే, ఆయన అలా పెరిగాడు" అంది. అప్పటికి నాకు మళ్ళీ నెల తప్పింది. మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పొద్దని మా అత్తగారి మాట. చెప్పినా ఆయన తినేవాడు కాదు, బిడ్డ చేతికొస్తే గానీ తినడు. అది నాకు ఖాయంగా తెలుసు.

పుండు నెమ్మదిగా మానుతోంది కానీ షుగరు దిగడం లేదని ఆసుపత్రిలో ఇన్సులిన్ మొదలుపెట్టారు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. డాక్టరు నన్ను కూర్చోబెట్టి చెప్పింది: సూది పడ్డ అరగంటలో తిండి పడాలి, పడకపోతే షుగరు పాతాళానికి పోతుంది, చెమటలు పడతాయి, మాట తడబడుతుంది, వెంటనే పంచదార పెట్టాలి. నేను ఇంటికొచ్చి నాన్నకి అప్పజెప్పాను. "అరగంట చాలమ్మా, మెస్సు ఎంత దూరం" అన్నాడు.

ఆ రోజుల్లో బంద్‌లు ఎక్కువ. ఒక బంద్‌కి మెస్సు అక్క షట్టరు దించేసి, వెనక తలుపు తీసి, హాస్టలు పిల్లలకి మామూలుగానే పెట్టింది. నాన్న కూడా వెళ్ళి టోకెనిచ్చి తిని వచ్చాడు. ఆ ధీమాతో ఉన్నాడు. కొన్నాళ్ళకి మళ్ళీ బంద్ అన్నారు. మా ఆయన ఆఫీసు పని మీద చెన్నైలో ఉన్నాడు. నాకు సెలవు దొరకలేదు, తెల్లారకముందే క్యాబు పంపుతామన్నారు. ముందురోజు సాయంత్రమే చెప్పాను నాన్నకి. "రేపు ఒక్కపూట ఇంట్లో తిను. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఆవిడ వెనక తలుపు తీస్తుందిలే అమ్మా. నువ్వు బెంగపడకు."

అయినా నేను లేచి ఇడ్లీ వేసి, హాట్‌బాక్సులో పెట్టి, పల్లీ చట్నీ చేసి, రెండు ప్లేట్లు కడిగి పక్కన పెట్టి వెళ్ళాను. అమ్మతో చెప్పాను, "ఆయన తినకపోతే సూది వేయొద్దు" అని. అమ్మ తలూపింది. కానీ సూది ఆయనే వేసుకుంటాడు, రోజూ వేసుకునే టైముకి వేసుకుని, జేబు తడుముకుని, మెట్లు దిగాడు.

పన్నెండింటప్పుడు ఆఫీసు నుంచి ఫోన్ చేశాను. నాన్న తిన్నాడా అని అడిగాను. "మెస్సుకెళ్ళి వచ్చాడే. అయిందా అంటే అయిందిలే అన్నాడు. నాకు పార్సిలు దొరకలేదంట, నేను అరటిపండు తిన్నాన్లే. నడిచొచ్చి అలిసిపోయాడు, పడుకున్నాడు" అంది అమ్మ. హమ్మయ్య అనుకున్నాను. నిజంగా ఆ మాటే పైకి అన్నాను, పక్క సీటు అమ్మాయి ఏంటి అని తిరిగి చూసింది. తిన్న మనిషి పడుకుంటే ఎవరు లేపుతారు? మధ్యాహ్నం భోజనానికి మళ్ళీ కుంటుకుంటూ ఏం వెళ్తాడులే అని అమ్మ లేపలేదు. ఫ్యాను వేసి, గది తలుపు చేరవేసింది.

జరిగింది ఏమిటో మాకు తర్వాత మెస్సు అక్క చెప్పింది. వంటవాళ్ళు ముందురోజే ఊళ్ళకి పోయారు, ఆవిడ పొయ్యి వెలిగించలేదు. "పెద్దాయన వచ్చి షట్టర్ కొట్టిండు. ఇయ్యాల మెస్సు లేదు పెద్దాయనా, మా ఇంట్ల ఉన్నది పెడ్త రా, తిను అన్న. టోకెన్ తీసిండు. అయ్యో, ఇది మా ఇంటి అన్నం, దీనికి టోకెన్ ఏంది అన్న. ఊరికే తిననమ్మా అని చెప్పి మర్లిపోయిండు. ఎనక నుంచి పిలిచిన సుత. చెయ్యి ఊపుకుంట పోయిండు" అంది. ఆవిడ చెప్తూ చెప్తూ ఏడ్చింది. టోకెన్ తీసుకుంటే ఏం పోయేది నాకు, అని నెత్తి కొట్టుకుంది. ఆవిడ మీద నాకు కోపం లేదు. ఒకే పొద్దున్న రెండు ఇళ్ళల్లో అన్నం వద్దని, ఇంటికొచ్చి భార్యతో అయిందని అబద్ధం చెప్పి, ఫ్యాను కింద పడుకున్నాడు మా నాన్న. నిజం చెబితే అమ్మ ఇడ్లీ తినమని పోరుతుందని భయం. అంతే. ఇంకో కారణం లేదు.

సాయంత్రం బంద్ సడలించాక క్యాబువాడు మెయిన్ రోడ్డు మీద దింపాడు. కొట్లన్నీ మూసున్నాయి. ఇంట్లోకి రాగానే హాట్‌బాక్సు మూత తీశాను. ఇడ్లీలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మెస్సులో తిన్నాడుగా అనుకుంటూ గదిలోకి వెళ్ళాను. చొక్కా, తలగడ, దుప్పటి అన్నీ చెమటకి ముద్దయిపోయి ఉన్నాయి. గురక వేరేగా ఉంది. నాన్నా అంటే పలకలేదు. చెంప మీద కొట్టాను, భుజాలు పట్టి కుదిపాను. డాక్టరు చెప్పింది గుర్తొచ్చి పంచదార డబ్బా ఎత్తుకొచ్చి, తడిపి, వేలితో ఆయన చిగుళ్ళకి రాశాను. దవడలు బిగుసుకుపోయి ఉన్నాయి. నాకు ఆ క్షణంలో ఏమనిపించిందో చెప్తే నవ్విపోతారు. ఇప్పుడు కూడా నా ఇంటిది వద్దంటున్నాడు అనిపించింది. "తిను నాన్నా, నోరు తెరువు, తిను" అని కేకలు పెట్టాను. అమ్మ గుమ్మంలో నిలబడి, "తిన్నానన్నాడే, తిన్నానన్నాడే" అంటూనే ఉంది.

కేకలు విని భాయ్ పైకొచ్చాడు. ఆటోలు లేవు, ఆంబులెన్సు ఎప్పుడొస్తుందో తెలియదు. "ఫికర్ నక్కో కరో బేటీ" అని, టెంటు సామాను మోసే ట్రాలీ ఆటోలో పరుపు వేయించి, తనూ తన తమ్ముడూ నాన్నని దింపారు. పెళ్ళిళ్ళకి వేసే షామియానా గుడ్డ కప్పాం ఆయన మీద. పంజాగుట్ట చౌరస్తాలో జెండాలు పట్టుకున్నవాళ్ళు ఆపబోయి, లోపలికి చూసి, దారిచ్చారు.

నాన్న బతికాడు. బతికాడు అని ఆసుపత్రివాళ్ళు చెప్పినప్పుడు నేను అందరికీ దణ్ణాలు పెట్టాను. కళ్ళు తెరవడానికి చాలా రోజులు పట్టింది. తెరిచాక ఎవరినీ పోల్చుకోలేదు. షుగరు అంతసేపు అట్టడుగున ఉండిపోతే మెదడు ఆకలికి చచ్చిపోతుందమ్మా, కొంత వస్తుంది, కొంత రాదు అంది డాక్టరు. మాట వచ్చింది. పట్టుకుంటే నడక వచ్చింది. కాలి పుండు చక్కగా మానిపోయింది, మచ్చ కూడా లేదు.

ఊరికి పంపే మాటే లేదు. మా ఇంటికే తీసుకొచ్చాం. మొదటి పూట అన్నం కలిపి దగ్గర కూర్చుంటే అమ్మ గొణిగింది, "ఆయనకి తెలిస్తే ఊరుకోడే." తెలియదు కదమ్మా అన్నాను. నాన్న నోరు తెరవలేదు. చెయ్యి చొక్కా జేబులోకి వెళ్ళింది. ఖాళీ జేబు. మళ్ళీ తడుముకున్నాడు, అటూ ఇటూ చూశాడు, మొహం చిన్నబోయింది. "టోకెను మర్చిపోయానమ్మా, రేపొస్తాను" అని లేవబోయాడు.

నేను అన్నం అక్కడే వదిలేసి మెస్సుకి పరిగెత్తాను. టోకెన్లు కావాలనగానే అక్క డ్రాయరు తెరిచి గుప్పెడు టోకెన్లు తీసి నా చున్నీలో పోసింది. తెచ్చి జేబులో పెట్టాను. ఒకటి తీసి నా చేతిలో పెట్టి, అప్పుడు కూర్చుని తిన్నాడు, కడుపునిండా.

అప్పట్నించీ అంతే. పొద్దున స్నానం చేయించి చొక్కా తొడిగి, జేబులో మూడు పూటలకి టోకెన్లు నేనే పెడతాను. పూటకొకటి నాకే ఇస్తాడు. నేను మెస్సు నడిపే అక్కని. అమ్మ వడ్డించే మనిషి. "సాంబారు ఇవాళ బాగుందమ్మా" అంటాడు. పెళ్ళికి ముందు మా ఊళ్ళో ఎప్పుడూ నా వంట ఇంత మెచ్చుకోలేదు. ఒక్కోరోజు నాకు విసుగొచ్చి, "నేను నీ కూతుర్ని, ఇది నా ఇల్లు" అని చెప్పేస్తాను. మర్యాదగా వింటాడు, అవునా అమ్మా అంటాడు, పళ్ళెం పక్కకి జరిపేస్తాడు. అందుకే చెప్పడం మానేశాను.

ఈసారి నిలిచింది. పాప పుట్టింది. బారసాల నాడు అమ్మ అరిటాకు వేసి, పీట వాల్చి, నాన్నని తీసుకొచ్చి కూర్చోబెట్టింది. "ఏవండీ, మనవరాలు పుట్టింది. ఇక అమ్మాయింట్లో తినొచ్చు మనం" అని చెవి దగ్గర గట్టిగా చెప్పింది. నాన్న చాలా మంచి మాట చెప్పావన్నట్టు తలూపి, టోకెను తీసి ఆకు పక్కన పెట్టాడు. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంది.

పాపకి ఇప్పుడు ఏడాదిన్నర. నాన్న భోంచేస్తుంటే వచ్చి ఆయన ఒళ్ళో కూర్చుంటుంది. మొన్న ముద్దపప్పు, ఆవకాయ పెట్టాను. తన పళ్ళెంలోంచి చిన్న ముద్ద తీసి దాని నోట్లో పెట్టి, "ఎవరి పాపమ్మా ఇది, ముద్దుగా ఉంది" అన్నాడు. నా పాపే అన్నాను.

"మా అమ్మాయి ఇల్లు ఇక్కడే, ఈ సందులోనే" అన్నాడు. "వాళ్ళింట్లో తిననని దానికి కోపం. రెండుసార్లు పోయిందమ్మా పాపం దానికి. నేను తినేస్తే ఇక పిల్లలు పుట్టరని ఖాయం చేసుకున్నట్టే కదా? మా నాన్న ఇక లాభం లేదనుకుని తినేశాడు అనుకోదూ? అందుకని తినను. పుట్టనీ. పుట్టిన రోజే వెళ్ళి, ముద్దపప్పు చేయమని అడిగి మరీ తింటాను."

నేను ఇంకొంచెం పప్పు వేశాను. చాలు చాలంటూనే కలుపుకుని, పాపకొక ముద్ద, తనకొక ముద్ద, మొత్తం తినేశాడు. తర్వాత జేబులోంచి టోకెను తీసి, అంచులు సరిచేసి, నా చేతికిచ్చాడు.